మందు ఆపేస్తారేమోనని

నా తమ్ముడు లైల్ పొలంలో చొక్కా వేసుకుని పనిచేయడం నేను చూసింది చాలా తక్కువ. మా నాన్నా అంతే. మా ఊరు హోమ్ హిల్ చుట్టుపక్కల చెరుకు పండించే మగవాళ్లు ఆ రోజుల్లో అందరూ అంతే. కింద నిక్కరు, కాళ్లకు రబ్బరు బూట్లు, నెత్తిన ఒక పాత టోపీ, మధ్యలో ఎండకు వదిలేసిన ఒళ్లు. బోదెల్లోకి నీళ్లు మళ్లించడానికి పొద్దున్నే వంగితే మధ్యాహ్నం దాకా ఆ నడుము లేచేది కాదు. ఎండంతా వీపు మీదే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఇద్దరి భుజాల మీదా తోలు కాలి పొరలు పొరలుగా ఊడేది. ఎవరి పొర పెద్దదో చూద్దామని పందెం కట్టి ఒకరిది ఒకరం ఒలుచుకునేవాళ్లం. అమ్మ తిట్టి వెనిగర్ రాసేది. మా ఇంట్లో తెలిసిన వైద్యం అదొక్కటే.

లైల్ నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఇదంతా మొదలయ్యేనాటికి వాడికి యాభై నాలుగు. భార్య గ్లెనిస్ ఎప్పుడో వాణ్ని వదిలి కెయిర్న్స్ వెళ్లిపోయి, అక్కడ ఇంకో సంసారం చూసుకుంది. పిల్లల్లేరు. నేనైతే పెళ్లే చేసుకోలేదు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. మా రెండిళ్లకూ మధ్య చెరుకు మిల్లు రైలు పట్టాలే అడ్డం. ఆదివారం మధ్యాహ్నం వాడి భోజనం నా ఇంట్లో. చేపలో మామిడిపళ్లో పట్టుకొచ్చి, నా వంటకు వంకలు పెట్టి, అదే కూర రెండోసారి వడ్డించుకుని తినేవాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో వాడి ఇంట్లో బట్టలు ఉతికే మిషన్ పాడైంది. మాసినవన్నీ ఒక సంచిలో కుక్కి నా వసారాలో పడేసి వెళ్లాడు. మిషన్లో వేసే ముందు విడదీస్తుంటే, ఊళ్లోకి వెళ్లేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కాకు వీపు దగ్గర గోధుమరంగు మరక కనిపించింది. దుప్పటి మీదా అలాంటివే నాలుగైదు. రక్తం ఎండితే ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. సాయంత్రం వాడు బట్టలకోసం వచ్చినప్పుడు ఏమిట్రా ఇది అని అడిగాను. ట్రాక్టర్ సీటు ఒరుసుకుంటోందన్నాడు.

"వెనక్కి తిరుగు."

"డాక్టరు చదువు ఎప్పుడు చదివావే అక్కా?"

"తిరగరా ముందు."

చొక్కా పైకెత్తి చూశాను. రెండు భుజాల మధ్య, చెయ్యి అందని చోట, బొటనవేలి గోరంత నల్లటి మచ్చ. ఒక పక్క అంచు సిరా చెమ్మగిల్లినట్టు పక్కకు పాకి ఉంది. మధ్యలో నీలం తిరిగిన బుడిపె, దాని నెత్తిన పచ్చి పుండు. ఇది ఎన్నాళ్లనుంచి ఉందిరా అంటే, ఏది ఉంది అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి నిజంగానే తెలియదు. ఆ వీపును దగ్గరనుంచి చూసే మనిషి ఆ ఇంట్లో లేక చాలా ఏళ్లయింది.

ఊళ్లో డాక్టరు దాన్ని కోసి పరీక్షకు పంపాడు. మెలనోమా అని వచ్చింది, చర్మానికి పట్టే క్యాన్సర్. చర్మంలోకి నాలుగు మిల్లీమీటర్లు దాటి దిగిందట. అంత లోతుకు దిగితే పైపైన తీసేసి ఊరుకోవడం కుదరదని టౌన్స్‌విల్ పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ మచ్చ చుట్టూ మంచి చర్మం కూడా వెడల్పుగా కోసేసి, తొడమీంచి తోలు తీసి అక్కడ అతికారు. చంకలోంచి ఒక గ్రంథి తీసి చూస్తే, అందులో కూడా ఆ కణాలున్నాయి. మళ్లీ రాకుండా ఉండటానికి ఒక ఏడాదిపాటు సెలైన్ లాగా ఎక్కించే మందు ఒకటుంది, మొదలుపెడదాం అన్నారు.

అది జూన్ నెల. మిల్లు అప్పుడే ఆడటం మొదలుపెట్టింది. కోత అయ్యాక వస్తానన్నాడు లైల్. ఆలస్యం చేయకూడదని ఆసుపత్రివాళ్లు, నేను ఎంత చెప్పినా వాడి బుర్రకెక్కలేదు. "కోసి పారేశారు కదా అక్కా. ఒంట్లో లేనిదానికి మందేమిటి?" అన్నాడు. తొడమీద పుండు ఆరకముందే హార్వెస్టర్ వెనకాల తిరగడం మొదలుపెట్టాడు. కోతకు ముందు ఎండాకు పోవడానికి సాయంత్రాలు చెరుకు తోటలు తగలబెడుతుంటే ఆ మసి మా ఇద్దరి వసారాల్లోనూ రాలేది. చీపురు పట్టుకుని ఊడుస్తూ పట్టాల అవతలికి చూస్తే, వాడు దగ్గడం వినిపించేది. మసికి దగ్గుతున్నాడనుకున్నాను.

నవంబరులో మిల్లు ఆగేసరికి దగ్గు ఆగలేదు సరికదా, మెడ పక్కన కోడిగుడ్డంత గడ్డ లేచింది. స్కానింగ్‌లో ఊపిరితిత్తుల్లో, కాలేయంలో కూడా గడ్డలు ఉన్నాయని తేలింది.

అప్పుడు మమ్మల్ని చూసింది డాక్టర్ పెట్రాకిస్. నలభై దాటిన మనిషి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని మాట్లాడుతుంది. ఇక కోతల వల్ల లాభం లేదని ఆమె మొదటే చెప్పేసింది. మిగిలినవి రెండు దారులు. ఒకటి మాత్రలు. గడ్డ ముక్క పరీక్షించి చూస్తే మాత్రలు పనిచేసే రకమేనట. వేసుకున్న కొద్ది వారాల్లోనే గడ్డలు కరుగుతాయి, కానీ చాలామందిలో ఏడాదో ఏడాదిన్నరో గడిచేసరికి జబ్బు ఆ మాత్రల్ని దాటి పెరగడం నేర్చుకుంటుంది. రెండోది ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపే మందు. అది నిదానంగా పనిచేస్తుంది, పనిచేయకపోవచ్చు కూడా, కానీ పట్టుకుంటే ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. ఆ మందుల్లో రెండింటిని కలిపి ఎక్కిస్తే బలం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే.

"ఈ మందు నేరుగా క్యాన్సర్ని చంపదు," అంది ఆమె. "మీ ఒంట్లో కాపలా కుక్కకు గొలుసు విప్పుతుందంతే. గొలుసు విప్పాక అది ఎవర్ని కరుస్తుందో ముందుగా చెప్పలేం. చర్మాన్ని కరవొచ్చు, పేగుల్ని కరవొచ్చు, గ్రంథుల్ని కరవొచ్చు. అందుకే ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే మాకు ఫోన్ చెయ్యాలి."

"నా కుక్క ఇంతవరకు పోస్ట్‌మ్యాన్‌ని తప్ప ఇంకెవర్నీ కరవలేదు డాక్టరమ్మా. దొంగ వస్తే తోక ఊపింది," అన్నాడు లైల్. ఆమె నవ్వింది. తరవాత ఏది ఎంచుకుంటారని అడిగింది. ఏళ్ల తరబడి అన్న మాటే వాడి చెవిలో పడింది. రెండూ కలిపి ఎక్కించమన్నాడు.

మూడు వారాలకొకసారి నేనే కారు నడిపి తీసుకెళ్లేదాన్ని. పెద్ద గదిలో వరసగా వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒక్కో మనిషి. మొదటిసారి పక్క కుర్చీలో మెర్వ్ అని చార్టర్స్ టవర్స్ అనే ఊరినుంచి వచ్చిన ముసలాయన ఉన్నాడు. జీవితమంతా గొర్రెల ఉన్ని కత్తిరించిన మనిషి. ఆయనకు మందు ఎక్కించడం లేదు, ఉత్త సెలైన్ పెట్టారు. ఇదే మందు తనకూ ఇచ్చారని, విరేచనాలు పట్టుకుంటే టక్కున ఆపేశారని లైల్‌తో చెప్పుకుని వాపోయాడు. నోరు మూసుకుని ఉంటే పోయేది, ఆ నర్సుకు చెప్పి చెడిపోయాను అన్నాడు. మేం రెండోసారి వెళ్లేసరికి ఆ కుర్చీలో ఎవరో అమ్మాయి ఉంది. మెర్వ్ ఏడీ అని లైల్ అడిగితే, పోయాడని నర్స్ బెవర్లీ మెల్లిగా చెప్పింది. కారులో తిరిగి వస్తున్నాం. మా ఊరి ముందు బ్రిడ్జి దాటుతుండగా వాడు, "మందు ఆపారు, మనిషి పోయాడు," అన్నాడు. ఏదో అన్నాడులే అనుకున్నాను.

మొదట దురద పట్టుకుంది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. వేడినీళ్లు మానేసి, సబ్బు మానేసి, బెవర్లీ చెప్పిన క్రీము ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా రాసుకునేవాడు. వీపుకు నేను రాసేదాన్ని. ఆ దద్దుర్ల సంగతి వాడే ఫోన్ చేసి ఆసుపత్రికి చెప్పాడు. నాలుక రుచి పోయిందని, కాళ్లు ఈడ్చుకుపోతున్నాయని కూడా చెప్పాడు. రెండో విడత మందు పడ్డాక ఒక ఆదివారం నా చెయ్యి పట్టుకుని తన మెడమీద పెట్టుకున్నాడు. గడ్డ సగానికి తగ్గింది. ఆ గడ్డ మీద వేలు పెట్టి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

ఆ తరవాతే వాడు ఫోన్ చేయడం మానేశాడు. ఆదివారాలు వచ్చి, పళ్లెంలో కెలికి, మధ్యలో లేచి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఏమిట్రా అంటే నీరసం అనేవాడు. పబ్బుకు పోవడం మానేశాడు. పొలంలోకి వెళ్తే పంపుషెడ్డు దాటి ముందుకు పోయేవాడు కాదు. బెల్టుకు కొత్తగా రంధ్రం పొడుచుకోవడం చూసి, మందు వేడికి తగ్గాడనుకున్నాను.

మూడో విడతకు బయల్దేరిన రోజు వాడు కారు సీటు మీద మడత పెట్టిన తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. ఎందుకురా అంటే సీటు వేడి అన్నాడు. దారిలో గిరు అనే ఊరి దగ్గర పెట్రోల్ బంకు రాగానే ఆపమన్నాడు. లోపలికి పోయినవాడు ఎంతకీ రాలేదు. నీళ్ల సీసా తీద్దామని పక్కకు వంగితే తువ్వాలు కనిపించింది. దాని మీద రక్తం కలిసిన జిగురు.

వాడు గోడ పట్టుకుని తిరిగొచ్చాడు. తువ్వాలు నా చేతిలో ఉంది. దాచే ఓపిక వాడికి లేకపోయింది. రెండు వారాలుగా రక్త విరేచనాలేనట. పగలూ లేదు, రాత్రీ లేదు. మందుల షాపులో విరేచనాలు కట్టే మాత్రలు కొని గుప్పెళ్లతో మింగుతున్నాడట. బెవర్లీ ఫోన్ చేసి అడిగినప్పుడల్లా అంతా బాగుందని చెప్పాడట.

"అక్కా, ఇది పనిచేస్తోంది. గడ్డ నువ్వే పట్టుకు చూశావుగా. ఈ ఒక్క విడత పడనీ. తరవాత నేనే చెప్తాను."

"తరవాత అనేదాకా ఉంటావట్రా?"

"మెర్వ్ ఏమయ్యాడో చూశావు. నువ్వు నోరు విప్పావంటే నన్ను నీ చేత్తో చంపినట్టే. ఆలోచించుకో."

కారు తీశాను. ఆసుపత్రిలో బెవర్లీ ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. దగ్గు ఎలా ఉంది, తలనొప్పి ఉందా, నిద్ర పడుతోందా. విరేచనం ఎలా అవుతోంది అంది. "గడియారంలాగా," అన్నాడు లైల్, నవ్వుతూ.

"అబద్ధం బెవర్లీ," అన్నాను. "రక్తం పడుతోంది. రెండు వారాలయింది. తువ్వాలు కారులో ఉంది, తెచ్చి చూపిస్తాను."

లైల్ నా వైపు తిరిగి చూశాడు. కోపం కూడా కాదు అది. బస్సు నడిపే రోజుల్లో ఒకసారి రోడ్డు మీద గుద్దుకున్న కంగారూ పక్కకు పడి నా వైపు అలాగే చూసింది. అంతకన్నా దాని గురించి చెప్పలేను.

ఆ రోజు మందు ఎక్కించలేదు. అటునుంచటే పైఅంతస్తులో మంచం వేశారు. కెమెరా పెట్టి చూస్తే పెద్దపేగు లోపలంతా పుండ్లే. ఇంకో రెండు రోజులు ఆగుంటే చిల్లు పడేదని డాక్టర్ పెట్రాకిస్ నాకు విడిగా చెప్పింది. విరేచనాలు కట్టే మాత్రలు పైకి తెలియకుండా చేశాయేగానీ, లోపల మంట అలాగే ఉంది. నరంలోకి స్టెరాయిడ్లు ఎక్కించారు. వాటికి లొంగలేదు. మూడో రోజు ఇంకో రకం మందు పెడితే అప్పుడు నెమ్మదించింది. అన్నాళ్లూ లైల్ గోడవైపు తిరిగే పడుకున్నాడు. అక్కను లోపలికి రానివ్వొద్దని నర్సులతో చెప్పాడు. నేను వరండాలో బెంచీమీద కూర్చునేదాన్ని. డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు, ఇక వాడికి ఆ మందు ఇవ్వరా అని అడిగాను. ఆ జంట మందు ఇక ఇవ్వలేమంది. మీరు చెప్పి మంచిపని చేశారని కూడా అంది. ఆ మాట నాకు ఏమాత్రం ఊరట ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్లు మాత్రలుగా మార్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఆ మాత్రలు వాణ్ని వేరే మనిషిని చేశాయి. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. నిద్ర లేదు. ఆకలి రాక్షసాకలి, కానీ పేగులు కుదుటపడేదాకా పీచున్నవీ పాలూ తినకూడదు. పంపు బాగుచేయడానికి వచ్చినవాడి మీద స్పానర్ విసిరాడని పొరుగు రైతు రెనాటో చెప్పాడు. ఆదివారాలు నా ఇంటికి రావడం మానేశాడు. నేనే మెత్తగా ఉడికించిన అన్నం, కోడి రసం, అరటిపండు గుజ్జు డబ్బాల్లో పెట్టి వాడి మెట్ల మీద ఉంచి వచ్చేదాన్ని. మర్నాటికి ఖాళీ డబ్బాలు కడిగి నా మెట్ల మీద ఉండేవి. ఎప్పుడు పెట్టి వెళ్లేవాడో కనిపించేవాడు కాదు.

స్టెరాయిడ్లు పూర్తిగా తగ్గించాక లైల్ పంపుషెడ్డులో కూలబడిపోతే రెనాటో చూశాడు. నాకు ఫోన్ చేశాడు. అంబులెన్సులో వెళ్లాం. బీపీ అందడం లేదన్నారు. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంటుందట, విప్పిన కుక్క దాన్నీ కరిచింది. అది ఇక తేరుకోదు. ఒళ్లు నిలబడటానికి రోజూ మాత్రలు వేసుకోవాలి, బతికినన్నాళ్లూ. జ్వరం వస్తే రెండింతలు వేసుకోవాలి. వాంతులైతే సూది వేయించుకోవాలి. అది ఎలా వెయ్యాలో నాకు నారింజపండు మీద నేర్పించారు. లైల్ మంచం మీంచి చూస్తూ పడుకున్నాడు. నేను సూది వంకరగా గుచ్చితే, "దాని ప్రాణం తీశావు," అన్నాడు. అన్నాళ్లలో వాడు నాతో అన్న మొదటి మాట అది.

ఆసుపత్రిలో ఉండగానే స్కానింగ్ తీశారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు సగం కన్నా తగ్గాయి. కాలేయంలో ఒకటి కనిపించనే లేదు. మందు ఆపి మూడు నెలలయింది కదా అని లైల్ ఆశ్చర్యపోయాడు. మందు ఆపినా, ఒకసారి లేచిన కాపలా చాలామందిలో మళ్లీ పడుకోదని డాక్టర్ పెట్రాకిస్ చెప్పింది. మెర్వ్‌కి అలా జరగలేదేం అని వాడడిగాడు. ఇంకొకరి విషయం తను చెప్పకూడదని, అయినా ఏ ఇద్దరి జబ్బూ ఒకటి కాదని అంది ఆమె. ఇంటికి వచ్చే దారిలో గిరు బంకు దగ్గర ఆపమన్నాడు. నేను వాడి సీటు వైపు చూశాను, తువ్వాలు లేదు. వాడు లోపలికి వెళ్లి మాంసం కూరి కాల్చిన పైలు రెండు కొనుక్కొచ్చి ఒకటి నా ఒళ్లో పడేశాడు.

"తిను. కర్రలా తయారయ్యావు."

ఆ తరవాతి ఆదివారం చేప పట్టుకుని నా ఇంటికి వచ్చాడు.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది. వాడి చేతుల మీద రంగు పోవడం మొదలైంది. నలభై ఏళ్లు కాలి రాగి రంగు తిరిగిన తోలు మీద తెల్లటి మచ్చలు లేచి, ఒకదాన్నొకటి కలుపుకుంటూ పాకాయి. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు పాలలా తెల్లబడ్డాయి. ఈ మందు పడ్డవాళ్లలో బొల్లి మచ్చలు వస్తే ఒకరకంగా మంచి గుర్తేనని ఆసుపత్రిలో అన్నారు. పబ్బులో మాత్రం మచ్చల గుర్రం అని పేరు పెట్టారు. లైల్ వాళ్లతో కలిసి నవ్వి, రెండోసారి అటు వెళ్లలేదు. వేళ్ల కణుపులు వాచి పొద్దున గ్లాసు పట్టుకోవడానికే కష్టపడేవాడు. పొలం రెనాటోకి కౌలుకిచ్చేశాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని వసారాలో కూర్చుని, తన తోటను ఇంకొకరు తగలబెట్టడం, ఇంకొకరు కోసి రైలు పెట్టెలకెత్తడం చూసేవాడు. బతికావు కదరా అన్నానొకసారి. అవునన్నాడు. అంతే అన్నాడు.

ఆ తరవాతి వానాకాలంలో వాడికి మాటలు తడబడటం మొదలైంది. తాళంచెవిని చెంచా అనేవాడు, నవ్వేసేవాడు. నాకు నవ్వు రాలేదు. మెదడులో మూడు చోట్ల వచ్చింది. మొహానికి వలలాంటి ముసుగు బిగించి, బల్లకు కట్టేసి, ఆ మూడింటి మీదికీ రేడియేషన్ పంపారు. తరవాత, మొదట వద్దనుకున్న ఆ మాత్రలే మొదలుపెట్టారు. అవి జ్వరాలు తెచ్చేవి. ఫిబ్రవరి ఉక్కపోతలో రెండు దుప్పట్లు కప్పుకుని పళ్లు టకటకలాడేలా వణికేవాడు. గంట తరవాత చెమటతో పరుపు తడిసిపోయేది. జ్వరం రాగానే మాత్రలు ఆపి, ఆసుపత్రికి చెప్పి, తగ్గాక వాళ్లు చెప్పినట్టు మళ్లీ వేసుకోవాలి. గ్రంథి మాత్ర రెండింతలు చేయాలి. ఈసారి అన్నీ వాడే చెప్పాడు. ఒళ్లు కాలిపోతుండగా ఫోన్ అందుకుని, "బెవర్లీ, ముందే చెప్పేస్తున్నాను. ఆలస్యం చేస్తే మా అక్క నా పరువు తీస్తుంది," అనడం నేను పక్క గదిలోంచి విన్నాను. అప్పటికి వాణ్ని నా ఇంటికి తెచ్చేసుకున్నాను. తలలో జబ్బున్నవాడికి కారు నడపడానికి లేదు, ఒంటరిగా వదలడానికీ లేదు.

మాత్రలు కొన్ని నెలలు కాపాడాయి. మిల్లు మళ్లీ ఆడటం మొదలైంది. ఆగస్టులో తీసిన స్కానింగ్‌లో మెదడులో లెక్కపెట్టలేనన్ని వచ్చాయి. ఇంకో మందు ప్రయత్నించవచ్చని, దానివల్ల ఒరిగేది తక్కువని, వద్దనుకుంటే నొప్పి లేకుండా చూసుకుంటామని డాక్టర్ పెట్రాకిస్ దాపరికం లేకుండా చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె చెయ్యి వాడి తెల్లబడ్డ చెయ్యి మీద ఉంది. చాలు డాక్టరమ్మా, ఇంటికి పోతాను అన్నాడు లైల్.

ఒక మధ్యాహ్నం, ఇంకా మాట సరిగ్గా వస్తున్న రోజుల్లోనే, నేను అడిగేశాను. ఏడాదిన్నరగా అడగకుండా దాచుకున్న ప్రశ్న. ఆ రోజు నేను నోరు విప్పకుండా ఉంటే మూడో విడత పడేది, బహుశా నాలుగోదీ పడేది, మెదడులోకి వచ్చేది కాదేమో కదరా అన్నాను.

వాడు దిండు మీద తల నా వైపు తిప్పాడు.

"పేగు పగిలి అప్పుడే పోయేవాణ్నని డాక్టరమ్మ చెప్పింది. నేనూ అదే అనుకుంటాను, మామూలప్పుడు."

"మామూలప్పుడు కానప్పుడు?"

"అప్పుడు నీ మీద కోపమొస్తుంది. రానీ అక్కా. ఎవరో ఒకరి మీద రావాలి కదా. నాకు ఇంకెవరున్నారు?"

నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. కాసేపటికి ఏదైనా తినడానికి పెట్టమన్నాడు, ఆ మెత్తగా ఉడికించిన అన్నం మాత్రం వద్దన్నాడు. గుడ్డు వేయించి, రొట్టె కాల్చి పెట్టాను. రెండు ముక్కలు తిన్నాడు.

సెప్టెంబరు రెండోవారంలో ఒక పొద్దున పోయాడు. నొప్పి లేకుండా చూసుకునే పాలియేటివ్ నర్సు ముందురోజే వచ్చి చూసి వెళ్లింది. నొప్పి లేదు, ఊపిరి తీసుకోవడం దూరం దూరంగా జరిగి ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. అంత్యక్రియలకు ఊరు ఊరంతా వచ్చింది, గ్లెనిస్ కూడా వచ్చింది. పబ్బులో పేరు పెట్టినవాళ్లే శవపెట్టె మోశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

తరవాత, క్రిస్మస్‌కు ముందు, ఊళ్లో డాక్టరు ఊరుకోకుండా పిలిపించి నా ఒళ్లంతా భూతద్దం పెట్టి చూశాడు. మోకాలి వెనకాల గోధుమరంగు చుక్క ఒకటి నచ్చలేదన్నాడు. అక్కడికక్కడే మత్తుసూది వేసి తీసేశాడు. వారానికి ఫలితం వచ్చింది. మెలనోమానే. కానీ పైపొర దాటలేదట. చుట్టూ ఇంకొంచెం కోస్తే చాలు, మందూ మాకూ అక్కర్లేదు, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోండి అన్నాడు. చాలా అదృష్టవంతులు అని కూడా అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఒకే అమ్మ కడుపు, ఒకే పెరడు, అదే ఎండ. వాడికి అంతా, నాకు నాలుగు కుట్లు.

కుట్లు పచ్చిగా ఉండగా రెనాటో వచ్చాడు. ఇంటి ముందు మడిలో కోసిన మోళ్లనుంచి మళ్లీ లేచిన చెరుకు కార్శి ముదిరిపోయింది, తీసేసి దున్నించనా అని అడిగాడు. ఆ మడి లైల్ నాటిందే. దున్నించెయ్యమన్నాను. కాలు మడవకూడదని చెప్పారు కాబట్టి ఎదురుగా ఇంకో కుర్చీ వేసి దాని మీద కాలు చాపుకుని వసారాలో కూర్చున్నాను. ట్రాక్టర్ ఆ చివరికి వెళ్లి తిరిగి వస్తోంది. దాని మీద కుర్రాడు చొక్కా లేకుండా ఉన్నాడు. కేకేసి పిలిచాను. ఇంజను మోతలో వాడికి వినపడలేదు.